ఆవరణ వ్యవస్థ పాఠం పిల్లలకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఆవరణ వ్యవస్థ (ఒక చోట ఉండే జీవులు, వాటి చుట్టూ ఉన్న మట్టి, నీరు, గాలి అన్నీ కలిపి) గురించి అడిగితే పిల్లలు ఉత్పత్తిదారులు (తమ ఆహారం తామే తయారుచేసుకునే మొక్కలు), వినియోగదారులు (వేరే జీవుల్ని తిని బతికేవి) అని గడగడా అప్పజెప్తారు గానీ ఒక జీవిని తీసేస్తే ఏమవుతుందిరా అంటే నోరు మెదపరు అని మీ ప్రశ్నలో రాశారు కదా, నాకూ చాలా ఏళ్ళు ఇదే బాధ. 6 నుంచి 8 తరగతులకి సైన్స్ చెప్తాను. నిర్వచనం ముందు చెప్పడం మానేసి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాకే నా క్లాసులో మార్పొచ్చింది.

ఎక్కడైనా కాస్త మట్టి, నాలుగు చెట్లు ఉంటే చాలు. తాడుతో మీటరు పొడవు మీటరు వెడల్పు గడి వేసి, నలుగురికి ఒక గడి ఇచ్చి, 20 నిమిషాలు కనిపించిందల్లా రాయమంటాను. గడ్డి, చీమ అని రెండు రాసేసి అయిపోయింది టీచర్ అంటారు, అప్పుడు రాలిన ఆకుల్ని పుల్లతో మెల్లగా ఎత్తమంటాను (చేత్తో వద్దు, కింద తేలు ఉండొచ్చు). అడుగున తడి, తెల్లటి బూజు దారాలు, వానపాము, చుట్టుకుపోయిన రోకలిబండ, అసలు ప్రపంచమంతా అక్కడుంటుంది. ఒకసారి ఒక అమ్మాయి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఇది ఊరికే కుళ్ళలేదు టీచర్, దీన్ని ఎవరో తినేశారు" అంది. విచ్ఛిన్నకారులు (రాలిన ఆకుల్ని, చచ్చిన జీవుల్ని కుళ్ళబెట్టి మట్టిలో కలిపేవి) అనే మాట అప్పుడు చెప్పాను, ఆ బ్యాచ్‌కి మళ్ళీ గుర్తుచేయాల్సిన పనే పడలేదు.

ఆహార గొలుసు (గడ్డిని మిడత, మిడతని కప్ప తినే వరస) గీయించేటప్పుడు బాణం దగ్గర మాత్రం జాగ్రత్త, దాదాపు అందరూ కప్ప నుంచి మిడత వైపు గీస్తారు, ఎందుకంటే తినేది కప్ప కదా. "ఎవరు ఎవర్ని తింటారు అని కాదు, ఎవరు ఎవరి కడుపులోకి పోతారు అని గీయండి" అంటే వెంటనే సరిచేసుకుంటారు.

శక్తి గురించి చెప్పడానికి నీళ్ళు వాడండి. లీటరు నీళ్ళు మొక్కల శక్తి అనుకుంటే మిడతకి 100 మి.లీ., కప్పకి 10, పాముకి సిరంజితో 1 మి.లీ. ఇవ్వండి. ఈ పదో వంతు అనేది ఉజ్జాయింపు లెక్కే, చోటుని బట్టి మారుతుంది, ఆ మాట పిల్లలకీ చెప్పాలి. మిగతాది ఎక్కడికి పోయిందని వాళ్ళే అడుగుతారు: కొంత తినకుండానే మిగిలిపోయింది, కొంత అరక్కుండా బయటికి పోయింది, చాలా భాగం బతకడానికి ఖర్చయి వేడిగా పోయింది. ఆకులోని పదార్థం మట్టిలో కలిసి మళ్ళీ మొక్కలోకి వస్తుంది, ఆ వేడి మాత్రం తిరిగి రాదు, అందుకే రోజూ సూర్యుడు కావాలి. ఈ తేడా దగ్గర ఒక పీరియడ్ మొత్తం పోయినా పర్వాలేదు, తొందరపడకండి.

చివర్లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ ప్రయోగం కథలా చెప్తాను. అమెరికా పసిఫిక్ తీరంలో రాళ్ళ మీద నుంచి వేటాడే నక్షత్ర చేపల్ని తీసేస్తూ వచ్చాడు, 1966లో ఫలితాలు ప్రచురించాడు. ఏమై ఉంటుందో ముందు ఊహించమంటే, తినేది పోయింది కాబట్టి అన్నీ పెరుగుతాయి అంటారు. జరిగింది వేరు, ఆల్చిప్పల్లాంటి మస్సెల్స్ రాళ్ళన్నీ ఆక్రమించుకుని మిగతావాటికి చోటు లేకుండా చేశాయి, 15 రకాల జీవులు 8కి పడిపోయాయి. ఇది విన్నాక క్లాసులో మొదలయ్యే వాదన కోసం పది నిమిషాలు ఉంచుకోండి.

పరీక్షలో ఇప్పుడు నేను నిర్వచనం అడగట్లేదు, మీ గడిలో ఆకులన్నీ ఊడ్చేస్తే ముందు ఎవరు పోతారు, ఆ తర్వాత ఎవరు, ఎందుకు అని అడుగుతున్నాను.