రాకెట్‌కి రెక్కలు ఉంటే సరిపోదు, తోక దగ్గర ఉండాలి

"రాకెట్ అడుగున ఆ రెక్కలు ఎందుకు? తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగారు. ఏ రాకెట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. శ్రీహరికోట నుంచి వెళ్లే పీఎస్‌ఎల్‌వీకి అసలు రెక్కలే లేవు. ఇంట్లో చేసుకునే నీళ్ల రాకెట్‌కి తీసేస్తే మాత్రం అది ఎవరి నెత్తి మీద పడుతుందో చెప్పలేం.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా అక్క కొడుకు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌తో ఒకటి చేశాడు. మూడో వంతు నీళ్లు, బిరడాలోంచి సైకిల్ పంపు గొట్టం, అంతా బాగానే ఉంది. కానీ ప్లాస్టిక్ ఫైలు కత్తిరించి చేసిన రెక్కల్ని తీసుకెళ్లి ముక్కు దగ్గర అంటించాడు. "అక్కడొద్దురా" అన్నా వినలేదు. "మిసైల్ లుక్ వస్తుంది మామయ్యా" అన్నాడు. పంపు కొట్టగానే బుస్సుమని లేచింది. ఇంటి చూరు దాటిందో లేదో తిరగబడి, పిల్లిమొగ్గలేసుకుంటూ వెళ్లి గడ్డివాములో పడింది. అరుగు మీద కూర్చున్న మా పెదనాన్న, సైన్స్ పుస్తకం ఎన్నడూ తిరగేయని మనిషి, "తారాజువ్వకి పుల్ల ఎటుంటుందిరా, ముందా వెనకా?" అని ఒక్క మాట అడిగాడు. వాడు కిమ్మనకుండా రెక్కలు పీకి బాటిల్ మూతి వైపు అతికించాడు. ముక్కులో ఇంత బంకమట్టి నేను కుక్కాను. ఈసారి కొబ్బరిచెట్టు దాటి నిటారుగా వెళ్లింది.

జరిగిందేమిటంటే, గాల్లో రాకెట్ కాస్త పక్కకు వాలితే దాని బరువు సమతూగే చోటు చుట్టూ తిరుగుతుంది. వాలిన రాకెట్‌ని గాలి ఏటవాలుగా కొడుతుంది. రెక్కలు వెనక ఉంటే ఆ తోపుడు ఎక్కువగా తోక మీద పడి, ముక్కు మళ్లీ దారిలోకొస్తుంది. ముందుంటే అదే తోపుడు ముక్కుని ఇంకా పక్కకు నెట్టేస్తుంది. గాలి తోపుడంతా కేంద్రీకరించే చోటు, బరువు సమతూగే చోటు కంటే కనీసం రాకెట్ లావంత వెనక ఉండాలని మోడల్ రాకెట్లు చేసేవాళ్ల లెక్క. ముక్కులో మట్టి పెట్టింది అందుకే, దాంతో బరువు సమతూగే చోటు ముందుకు జరుగుతుంది. నీళ్లు క్షణంలో అయిపోతాయి, ఆ తర్వాత మిగిలేది ఖాళీ బాటిలే.

రెక్కలు రాకెట్‌ని "నిటారుగా" ఉంచుతాయని వీడియోల్లో తెగ చెబుతుంటారు. తప్పు. అవి గాలి ఎటు నుంచి వస్తే ముక్కుని అటు తిప్పుతాయి, అంతే. ఈదురుగాలి ఉన్న రోజు పెద్ద రెక్కలు పెట్టి చూడండి, గాలికి ఎదురు తిరిగి పక్క పొలంలోకి పోతుంది. పైగా వేగం లేకపోతే రెక్కలు దండగ. అందుకే రోహిణి లాంటి చిన్న సౌండింగ్ రాకెట్లని, అంటే పై వాతావరణాన్ని పరిశీలించడానికి పైకెళ్లి కిందపడేవాటిని, రైలు పట్టా లాంటి పట్టా మీద నుంచి వదులుతారు. పట్టా వదిలేసరికి వేగం అందుకోవాలి మరి.

పెద్ద రాకెట్లు నెమ్మదిగా లేస్తాయి కాబట్టి రెక్కల్ని నమ్ముకుంటే కుదరదు. 1980లో రోహిణి అనే ఉపగ్రహాన్ని (పేరు ఒకటే, పైన చెప్పిన రాకెట్ వేరు) కక్ష్యలో పెట్టిన ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3కి రెక్కలుండేవి, వాటి కొసలు కదిలేవి కూడా. పీఎస్‌ఎల్‌వీకి వచ్చేసరికి మొదటి దశలో నాజిల్‌లోకి, అంటే మంట బయటికొచ్చే మూతిలోకి, పక్క నుంచి స్ట్రాన్షియం పెర్‌క్లోరేట్ ద్రావణం చిమ్మి మంట దిశనే మారుస్తారు.

ఇది తెలియకే మా మేనకోడలి స్కూల్ ఎగ్జిబిషన్‌లో గొడవైంది. పాపం, ఫొటోలు చూసి అచ్చు పీఎస్‌ఎల్‌వీలాగే చేస్తే, "ఫిన్స్ ఏవమ్మా?" అని జడ్జి మార్కులు కోశాడు. రాకెట్ బొమ్మకి నాలుగు రెక్కలు లేకపోతే మనవాళ్లకి తోచదు. థర్మకోల్ షాపువాడు కూడా అడక్కుండానే కత్తిరించి ఇస్తాడు.

మరి స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్ 9 రాకెట్‌కి జాలీ కిటికీల్లాంటి రెక్కలు పైన ఉన్నాయి కదా అంటారు. అవి ఎక్కడానికి కాదు, దిగడానికి. పైకి వెళ్లేటప్పుడు ఒంటికి ముడుచుకుని ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఇంజన్లు ముందుండి దిగుతాయి కాబట్టి అప్పుడు తోక పైవైపే.