ఇమ్యునోథెరపీ తీసుకుంటుంటే విరేచనాలు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ఊపిరితిత్తుల కేన్సర్‌కు పెంబ్రోలిజుమాబ్ మూడు డోసులు ఇచ్చారు. నాలుగు రోజులుగా రోజుకు ఆరేడుసార్లు విరేచనాలవుతున్నాయి. రోగనిరోధక శక్తి పెంచే మందుతో ఇలా ఎందుకవుతుంది? విరేచనాలు ఆగే మాత్ర వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు ఈ రోజే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేసి సంగతి చెప్పండి. ఆయన చూసేవరకు మాత్ర వేయకండి, తర్వాతి డోసు వేయించకండి.

రోగనిరోధక వ్యవస్థలో దాడి చేసే తెల్లరక్తకణమైన టి కణం ఒక్క సంకేతానికే దాడికి దిగదు. శత్రువును పట్టి చూపే డెండ్రైటిక్ కణం ఆ శత్రువు ప్రొటీన్ ముక్కను దానికి చూపాలి. అదే సమయంలో డెండ్రైటిక్ కణంపైనున్న బీ7 అణువు టి కణంపైనున్న సీడీ28 అణువుతో జతకూడాలి. మొదటిది అంది రెండోది అందకపోతే టి కణం స్తబ్ధంగా ఉండిపోతుంది. మన సొంత కణజాలాన్ని గుర్తించే టి కణాలు కొన్ని అందరి ఒంట్లోనూ ఉన్నా హాని చేయకపోవడానికి ఇదొక కారణం. దాడి మొదలయ్యాక కూడా కళ్లెం ఉంటుంది: టి కణంపైనే ఉండే సీటీఎల్‌ఏ-4 అనే అణువు అదే బీ7ను సీడీ28 కన్నా గట్టిగా పట్టుకుని సంకేతాన్ని తగ్గిస్తే, పీడీ-1 అనే మరో అణువు కణజాలాల్లో టి కణాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈ రెండు కళ్లేల మీద పరిశోధనకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

కేన్సర్ కణాలు పీడీ-1ను వాడుకునే తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్ దాన్ని అడ్డుకుంటుంది. అంటే మీరనుకున్నట్టు ఇది శక్తి పెంచే మందు కాదు, అదుపును సడలించే మందు. ఆ సడలింపు కణితికే పరిమితం కాదు. ఆహారం, కోటానుకోట్ల బ్యాక్టీరియా నిత్యం తగిలే పేగుల్లో టి కణాలను ఓపికగా ఉంచడం శరీరానికి పెద్ద పని. అక్కడ అదుపు తప్పితే పెద్దపేగు వాస్తుంది.

మామూలుకన్నా రోజుకు నాలుగైనా ఎక్కువ విరేచనాలైతే తేలిగ్గా తీసుకోకూడదు. మాత్రతో అవి తగ్గినట్టు కనిపించినా లోపలి వాపు పెరుగుతూనే ఉండవచ్చు. మలపరీక్షతో ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, రోగనిరోధక దాడిని అణిచే స్టెరాయిడ్ మొదలుపెడతారు, తగ్గాక వారాలపాటు మెల్లగా మోతాదు తగ్గిస్తారు. కేన్సర్ చికిత్స వృథా అవుతుందన్న భయంతో స్టెరాయిడ్‌ను వాయిదా వేయడం ప్రమాదకరం. మలంలో రక్తం, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, నీరసంతో తూలడం వంటివి ఉంటే ఫోన్‌తో సరిపెట్టక నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఇమ్యూనిటీ పెంచుతాయంటూ అమ్మే కషాయాలు, పొడులు ఇస్తుంటే మానేయండి. ఈ దుష్ప్రభావాలు మందు ఆపిన నెలల తర్వాత కూడా రావచ్చు కాబట్టి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మందు పేరు ముందే చెప్పండి.