గడ్డ తీయించుకునే ముందు

బుజ్జమ్మా,

రొమ్ములో గడ్డ తగిలిందనీ, శుక్రవారం ఆపరేషన్‌కి ఒప్పుకున్నావనీ మీ అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. మా రోజుల్లో ఇలాంటివి మొగుడికి కూడా చెప్పకుండా దాచుకునేవాళ్లం. నువ్వు వెంటనే వెళ్లి చూపించుకున్నావు. నా పిల్లవనిపించుకున్నావే. కానీ అంత తొందరగా ఆపరేషన్ ఏమిటి? ముందు దాన్ని వాయిదా వేయించు.

స్కానింగ్ తీయించు. నలభై దాటావు కాబట్టి మామోగ్రామ్ కూడా. తర్వాత సూదితో ముక్క తీసి బయాప్సీ చేస్తారు. కత్తి ఆఖరున.

నా సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు, అప్పటికి నువ్వు చిన్నగుంటవి. నరసన్నపేటలో ఉండగా నాకు ఉసిరికాయంత గడ్డ తగిలింది. చూసిన డాక్టరు "కొవ్వు గడ్డమ్మా, అరగంట పని" అని ఏ పరీక్షా లేకుండానే తీసేశాడు. తీసినదాన్ని ల్యాబుకి కూడా పంపలేదు. ఏడాది తిరక్కుండా కుట్టు పక్కనే మళ్లీ గట్టిగా తగిలింది. విశాఖలో డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది పాత బయాప్సీ రిపోర్టే. ఎక్కడి నుంచి తేను? అది ఏ రకం గడ్డో, అంచుల దాకా పూర్తిగా తీశారో లేదో ఆవిడకి తెలిసే దారే లేకపోయింది. చివరికి రొమ్ము మొత్తం, చంకలో గ్రంథులతో సహా తీసేశారు. మొదటే సూది పరీక్ష చేసుంటే రొమ్ము దక్కేదేమో అని ఆవిడే అంది. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నాకు నిద్ర పట్టదు.

సూది గుచ్చితే రోగం ఒళ్లంతా పాకుతుందని మీ అత్తగారు అంటున్నారట. పాకదమ్మా. ఆవిడతో నేను మాట్లాడతాను.

చాలా గడ్డలు క్యాన్సర్ కావు. ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని ఒక రకం గడ్డ అని తేలితే ఒక్కోసారి తీయకుండా గమనిస్తూ వదిలేస్తారు కూడా. ఒకవేళ క్యాన్సరే అయితే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చేశారా అని అడుగు. మొదటి రెండూ గడ్డ హార్మోన్ల వల్ల పెరిగేదా అని, మూడోది హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూస్తాయి, మందులు వాటిని బట్టే మారతాయి. మొత్తం తీయించేసుకుంటే నిశ్చింత అని నలుగురూ చెబుతారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు అంతవరకే తీసి రేడియేషన్ ఇస్తే ఆయుష్షు విషయంలో రెండూ సమానమే. ఇటలీలో, అమెరికాలో ఆడవాళ్లను 20 ఏళ్లు గమనించి 2002లో ఆ సంగతి ప్రచురించారు. రేడియేషన్‌కి మాత్రం కొన్ని వారాల పాటు దాదాపు రోజూ వెళ్లాలి. ఆ ఆసుపత్రికి దగ్గర్లోనే కూర్మన్నపాలెంలో మా పెద్దోడి ఇల్లుంది, అక్కడే ఉందువు గాని.

పప్పు, గుడ్డు తింటే కుట్లు చీము పడతాయని పథ్యం పెడతారు, వినకు. గాయం మానాలంటే అవే కావాలి. చంకలో గ్రంథులు తీస్తే డాక్టరు చెప్పిన రోజు నుంచి గోడ మీద వేళ్లు మెల్లగా పైకి పాకించు. లాగుతుంది, అయినా రోజూ చెయ్యి. ఆ చేతికి గాట్లు పడనివ్వకు. నాకు చేప ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచింది. ఆ చేతికి ఇప్పటికీ గాజు ఎక్కదు.

డాక్టరు దగ్గరికి ఒక్కదానివే వెళ్లొద్దు. టెన్షన్‌లో సగం మాటలు చెవికెక్కవు. మీ ఆయనకి సెలవు దొరక్కపోతే చెప్పు, ఆమదాలవలసలో రైలెక్కి నేనొస్తాను.

మీ పెద్దమ్మ