బ్యాంకు ఉద్యోగమా, రైతుల ప్రాజెక్టా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడెకరాలు కౌలుకి చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సంవత్సరం. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినడం లేదు. చిన్న రైతుల ఆదాయం పెంచే ప్రాజెక్టుల్లో చేరతానంటోంది. అవి నిలబడే ఉద్యోగాలేనా అండీ?

జవాబు: మీ టెన్షన్‌లో అర్థముంది. ఈ ప్రాజెక్టు ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టు మీద నడిచేవే. రైతులంతా కలిసి సరుకు కొని అమ్ముకునే రైతు ఉత్పత్తిదారుల సంఘాలనే తీసుకోండి. పదివేల సంఘాలు పెట్టించాలని కేంద్రం 2020లో పథకం తెచ్చింది. మనలాంటి మైదాన ప్రాంతంలో సంఘానికి కనీసం 300 మంది రైతులుండాలి. దాన్ని నడిపే సీఈవో జీతానికి నెలకి 25,000 వరకు పథకమే ఇస్తుంది, అదీ మూడేళ్లే. ఆ తర్వాత సంఘం తన వ్యాపారంలోంచి ఇచ్చుకోవాలి. అందుకని చేరేముందు జీతంతోపాటు ఇంకో సంగతి అడగమనండి: పోయిన సీజన్‌లో సంఘం ఎంత సరుకు కొంది, ఎంతకి అమ్మింది? లెక్కల పుస్తకం చూపించడానికి నసిగితే అక్కడ చేరొద్దు.

ఇక పని సంగతి. మన డెల్టాలో పంట పండించడం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి రకం దేశమంతా పాకింది. అయినా 2011 సార్వాకి (ఖరీఫ్‌కి) కోనసీమ రైతులు పంట వేయమంటూ విరామం ప్రకటించారు. గింజ పండక కాదు, గిట్టుబాటు కాక. కౌలు బస్తాలు కొలిచాక చేతిలో మిగిలేదెంతో మీకు నేను చెప్పాలా! దిగుబడి పెంచుతామని చెప్పే ప్రాజెక్టు కంటే, కోత తర్వాత జారిపోయే డబ్బుని పట్టుకునే ప్రాజెక్టుకే ఇక్కడ ఎక్కువ పని ఉందని నా అభిప్రాయం.

ఆ పని తనకి సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి అమ్మాయికి మంచి అవకాశం ఉంది. ఆఖరి సంవత్సరంలో రావెప్ పేరుతో పల్లెల్లో ఉండి పనిచేయాలి కదా. రికార్డు నింపి మార్కులు తెచ్చుకోవడంతో సరిపెట్టకుండా, ఒక కౌలు రైతు ధాన్యం వెంట కళ్లంలోంచి మిల్లు దాకా వెళ్లమనండి. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి సుమారు 1,777. తేమ 17 శాతం దాటితే ఏమంటున్నారు, సంచులెవరిచ్చారు, లారీ కిరాయి ఎవరు పెట్టుకున్నారు, పంట నమోదు చేసే ఈ-పంటలో ఎవరి పేరుంది, చివరికి డబ్బు ఎవరి ఖాతాలో పడింది... అన్నీ రాసుకోమనండి. ఆ లెక్క చూసి విసుగు పుట్టకపోతే ఈ రంగం ఆమెదే. ఇంటర్వ్యూలో ఆ కాగితం సర్టిఫికెట్‌కంటే బాగా మాట్లాడుతుంది కూడా.

బ్యాంకు, ప్రాజెక్టు రెండూ ఎదురెదురు దారులని మీ ఇంట్లో ఇద్దరూ అనుకుంటున్నట్టున్నారు. బ్యాంకులో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పని ఏమిటి? రైతులకి అప్పులివ్వడమే. కౌలు రైతుకి అప్పు దొరకడానికి పనికొచ్చేది కౌలు కార్డు; మన రాష్ట్ర 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం అది కావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, ఊళ్లో ఉన్నా పొలం పోతుందేమోనని జంకుతాడు. కార్డు లేని రైతులు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఒకరి అప్పుకి అందరూ పూచీపడే ఉమ్మడి బాధ్యత గ్రూపుగా ఏర్పడితే బ్యాంకు అప్పు ఇవ్వొచ్చు. దానికి ఓపికున్న ఆఫీసరు కావాలి. కౌలు రైతు కూతురు ఆ కుర్చీలో కూర్చుంటే మీ మండలంలో ఎంతమందికి వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కే పని తప్పుతుందో ఆలోచించమనండి.

ఖర్చు తగ్గించే వైపు మనసుంటే రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం చూడొచ్చు. ఇంకా చదువుతానంటే హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్‌లో అగ్రి బిజినెస్ కోర్సు ఉంది, క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజు మాత్రం ముందే చూసుకోండి.

ఆ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే ఐబీపీఎస్ పరీక్షకి జనరల్ కేటగిరీలో 30 ఏళ్ల వరకు వయసు ఉంది. రెండేళ్లు సంఘంలో పనిచేసినా ఆ తలుపు మూసుకుపోదు. కాబట్టి ఆమెని ఆపకండి. ఏటా నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు మాత్రం పెట్టాలని ఇప్పుడే ఒప్పించుకోండి.