పాత గుర్రాల ట్రైలర్ కొనేముందు కింద దూరి చూడండి

మీ ప్రశ్న చదివాను. శంకర్‌పల్లి దగ్గర ఫామ్‌లో రెండు గుర్రాలున్నాయి, ట్రైలర్ కొనడం ఇదే మొదటిసారి, రెండు గుర్రాలు పట్టే పాతది ఒకటి బేరానికి వచ్చింది, ఫొటోల్లో కొత్తదానిలా మెరుస్తోంది, అడ్వాన్స్ ఇచ్చేయమంటారా అని అడిగారు. ఇప్పుడే ఇవ్వకండి. కొనొద్దని అనడం లేదు. కింద దూరి చూడకుండా, ఒకసారి రోడ్డు మీద లాగి చూడకుండా రూపాయి కూడా చేతిలో పెట్టొద్దంటున్నా. మూడేళ్ల కింద నేనూ మీలాగే ఫొటోలు చూస్తూ కూర్చున్నవాణ్ణే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాది మొయినాబాద్ వైపు. ఒకటి మలక్‌పేట రేసుల నుంచి బయటికొచ్చిన థరోబ్రెడ్ ఆడగుర్రం, ఇంకోటి మార్వాడీ జాతి గుర్రం. ఒక రాత్రి పదిన్నరకి ఆడగుర్రం మేత వదిలేసి, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత పడుకోవడం, లేవడం, పొర్లడం. కడుపునొప్పి, గుర్రాలవాళ్లందరూ కాలిక్ అనేదే. డాక్టర్ ఫోన్‌లోనే, ఆలస్యం చేయకుండా రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తెచ్చేయమన్నారు. దూరం పాతిక కిలోమీటర్లకి మించదు. కానీ దేంట్లో తీసుకెళ్లాలి? తెలిసిన డీసీఎం డ్రైవర్లలో ఇద్దరు ఫోనెత్తలేదు. మూడో అతను గుర్రం అనగానే వద్దన్నాడు. రాత్రి రెండింటికి ఒక బండి దొరికింది, దానికి ర్యాంప్ లేదు. పొలం గట్టుకి ఆనించి ఎక్కించాం. ఎక్కేటప్పుడు వెనక కాలు జారి మోకాలి కింద చర్మం లేచిపోయింది. దేవుడి దయవల్ల బతికింది. ఆ రాత్రి నుంచి ట్రైలర్‌ని నేను అంబులెన్స్ లాగే చూస్తున్నాను. మీరూ ఏ ట్రైలర్ ముందు నిలబడినా ఒకటే ప్రశ్న వేసుకోండి: అర్ధరాత్రి జబ్బుపడ్డ గుర్రాన్ని ధైర్యంగా ఇందులో ఎక్కించగలనా?

అన్నిటికంటే ముందు నేల చూడాలి. నేను చూసిన మొదటి ట్రైలర్‌కి కొత్త రంగు, కొత్త రేడియం స్టిక్కర్లు, కడిగి తుడిచి పెట్టారు. లోపల మందపాటి రబ్బరు మ్యాట్లు పరిచి ఉన్నాయి. "లోపలంతా గట్టిగుంది సార్" అన్నాడు అమ్మేవాడు. నాతో వచ్చిన మెకానిక్ ఏమీ మాట్లాడకుండా మ్యాట్ ఒక మూల పట్టుకుని ఎత్తమన్నాడు. ఇద్దరం కలిసి ఎత్తితే గానీ లేవలేదు. లేచీ లేవగానే కళ్లు మండేంత ఘాటు, ఉచ్చ మురిగిన వాసన. కింద చెక్కలు నల్లగా ఉన్నాయి. అతను స్క్రూడ్రైవర్ తీసి గోడ పక్క పలక మీద మామూలుగా నొక్కాడు. అది నానిన సబ్బులో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. అదే పలక నడిమధ్య నొక్కితే గట్టిగానే ఉంది. పైన నిలబడి గెంతి చూస్తే మనకి ఏమీ తెలిసేది కాదు.

మ్యాట్ల అతుకుల్లోంచి ఉచ్చ కిందికి దిగుతుంది, గాలి తగలక అక్కడే నిలుస్తుంది, చెక్క అంచుల నుంచి కుళ్లుతుంది. ఒక్కో గుర్రం నాలుగున్నర, ఐదు వందల కిలోలు ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడు ఆ బరువంతా ఒక్క గిట్ట మీదికి రావచ్చు. కదులుతున్న బండిలో కాలు నేలలోంచి కిందికి దిగిందంటే ఆ గుర్రం ఇక మనకి దక్కదు. అందుకే మ్యాట్లు తీయనివ్వని మనిషి దగ్గర ఏదీ కొనకండి. అల్యూమినియం నేలైనా నిశ్చింత లేదు, ఉచ్చ దాన్నీ తింటుంది. తెల్లటి పొడి, చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అదే. ఇనుప రేకు అయితే వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు చూడండి.

తర్వాత పాత గోనెసంచి ఒకటి పరుచుకుని, టార్చ్, చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరండి. నేలని మోసే అడ్డ కమ్మీలు ఒక్కొక్కటీ కొట్టి చూడాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, పెళ్లలు రాలుతాయి. అక్కడక్కడా కొత్త నల్లరంగు దట్టంగా పూసి ఉంటే గీకి చూడండి, పుట్టీ బయటపడొచ్చు. ఫ్రేమ్ బాగుండి చెక్కలు మాత్రమే పోతే భయం లేదు. చెక్కలు మార్చుకోవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనొచ్చు. ఫ్రేమే పోతే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. ఆ మొదటి ట్రైలర్ నేను అలాగే వదిలేశాను.

బ్రేకుల విషయంలో మనవాళ్లు చాలా తేలిగ్గా మాట్లాడతారు. "కారుకి బ్రేకులున్నాయి కదా" అని నాతో ముగ్గురన్నారు. ఖాళీ ట్రైలరే దాదాపు టన్ను ఉంటుంది. మాది ధర్మకాంటా మీద తూకం వేయిస్తే 1,080 కిలోలు వచ్చింది. రెండు గుర్రాలెక్కితే రెండు టన్నుల దాకా వస్తుంది. అంత బరువు వెనక నుంచి నెడుతుంటే కారు బ్రేకులు ఒక్కటే ఆపలేవు. ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, అవి పనిచేయాలి. జాకీ పెట్టి ఒక్కో చక్రం లేపి చేత్తో తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగ్ పోయినట్టు. పైన, కింద పట్టుకుని ఊపితే లొడలొడలాడకూడదు. ట్రైలర్ హ్యాండ్‌బ్రేక్ లాగి మళ్లీ తిప్పితే కదలకూడదు. కరెంటు బ్రేకులైతే మీ కారులో దానికి కంట్రోలర్ పెట్టించాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే తనంతట తానే బ్రేక్ పడేలా ఒక సన్నటి తీగ ఉంటుంది. నేను చూసిన రెండో ట్రైలర్‌కి ఆ తీగని తెంపి ముడేసి పెట్టారు. సేఫ్టీ చైన్లు కూడా ఉన్నాయో లేవో చూడండి.

కొక్కెం దగ్గర ఇంకో చిక్కుంది. కారు హుక్ మీద ఇనుప గుండు ఉంటుంది, దాన్నే బాల్ అంటారు; ట్రైలర్ ముందు కొస కప్పులా దాని మీద కూర్చుంటుంది. బయటి దేశాల నుంచి వచ్చిన ట్రైలర్లలో కొన్ని 50 మిల్లీమీటర్ల బాల్‌కి సరిపోతాయి, కొన్ని రెండంగుళాల బాల్‌కి, అంటే 50.8 మిల్లీమీటర్లకి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పెద్ద కప్పులో చిన్న బాల్ పెడితే కూర్చున్నట్టే ఉండి, గతుకుల్లో లేచిపోయే ప్రమాదముంది. బాల్ మీద చెక్కిన సైజు, కప్పు మీది సైజు రెండూ చదవండి. కారుకి హుక్ బిగించేటప్పుడు బంపర్‌కి వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు, ఛాసిస్‌కి బోల్టులతో బిగించాలి. మీ కారు ఎంత బరువు లాగగలదో మాన్యువల్‌లో చూడండి, అందులో లేకపోతే సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఇంజిన్ పవర్ చూసి అంచనా వేయొద్దు.

టైర్లు అరగలేదని మురిసిపోకండి. ఇలాంటి బండ్లు ఏడాదిలో పది నెలలు నిలబడే ఉంటాయి, టైరు మీది గాడులు అలాగే ఉంటాయి గానీ రబ్బరు ఎండిపోతుంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందన్నమాట. ఐదారేళ్లు దాటినా, పక్కల్లో వెంట్రుక లాంటి పగుళ్లున్నా కొత్తవి వేయించాల్సిందే. స్టెప్నీ కూడా చూడండి. నాకిచ్చిన ట్రైలర్‌తో వచ్చిన స్టెప్నీ సైజే వేరు.

లోపలి కొలతలకి టేపు తీసుకెళ్లండి. మీ గుర్రాలు థరోబ్రెడ్ ఎత్తువైతే లోపల ఏడడుగులకి తగ్గకూడదు. తల కప్పుకి తగిలిన గుర్రం మళ్లీ ఎక్కడానికి రాదు. ఒక్కో గడి, అంటే ఒక గుర్రం నిలబడే చోటు, మూడడుగుల వెడల్పుంటే మంచిది. మధ్య అడ్డు నేల దాకా ఉందా, కింద ఖాళీ ఉందా గమనించండి. బండి మలుపు తిరిగినప్పుడు గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంటుంది. అడ్డు నేల దాకా ఉంటే ఆ చోటు దొరక్క తడబడి తంతుంది. మాదానికి కింది పలక తీయించి రబ్బరు తెర పెట్టించాను, ఆ రోజుతో తన్నులు ఆగాయి. కిటికీలు, పైన గాలి కంతలు తెరుచుకుంటున్నాయా లేదా చూడండి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఇనుప డబ్బా పెనంలా కాలుతుంది. కప్పుకి తెల్లరంగు వేయించుకోండి, వేసవిలో ప్రయాణం తెల్లవారుజామునే ముగించండి.

కాగితాల దగ్గర మొహమాటపడొద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. లోకల్‌గా చేయించినవాటిలో ఆర్‌సీ లేనివి దొరుకుతుంటాయి, "ఫామ్ లోపల వాడుకోండి సార్" అంటారు. ఫామ్ లోపల తిప్పడానికి ట్రైలర్ ఎందుకు? ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు ఒకటేనా అని మీ కళ్లతో మీరే సరిచూసుకోండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ కారుకి ఉంటే ట్రైలర్‌కి వర్తిస్తుందనుకోవద్దు, దానికీ విడిగా అడగండి. ఇంకొకటి, 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం గుర్రాన్ని తీసుకెళ్లేటప్పుడు అది ప్రయాణానికి తగినట్టుగా ఉందని వెటర్నరీ డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. మామూలు ప్రయాణాలకి నేను ముందురోజే తీసి పెట్టుకుంటాను.

ఇవన్నీ సరిపోయాక ఖాళీ ట్రైలర్‌ని లాగి చూడండి. నేను చివరికి కొన్న ట్రైలర్‌ని మేం ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పాం. ఆగగానే మెకానిక్ అరచేతి వెనక భాగంతో నాలుగు హబ్బులూ, అంటే చక్రాల నడిమి భాగాలు, వరసగా తాకాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగోది తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నన్నూ తాకమన్నాడు, వేడి చూస్తే టీ గ్లాసే గుర్తొచ్చింది. విప్పి చూస్తే గ్రీజు ఎండి గట్టిపడింది, బేరింగ్ నీలంరంగు తిరిగింది. అమ్మే పెద్దమనిషి నిజాయితీపరుడు, తనకీ తెలియదని ఒప్పుకుని నాలుగు బేరింగులూ మార్పించి ఇచ్చాడు. ఆ తాకడం లేకపోతే చేవెళ్ల రోడ్డు మీద ఆ మర్రిచెట్ల మధ్య గుర్రాలతో సహా చక్రం ఊడి నిలబడేవాళ్లం.

ఏడాదికి రెండు మూడుసార్లే బయటికి తీసుకెళ్తారు, రాత్రీపగలూ పిలిస్తే వచ్చే మంచి గుర్రాల వ్యాన్ మీకు దగ్గర్లో ఉంది అనుకుంటే, కొనకపోవడమే నయమని నా అభిప్రాయం. నిలబెట్టిన ట్రైలర్ తొందరగా పాడవుతుంది. నాకు అలాంటి వ్యాన్ దొరకలేదు, అందుకే కొన్నాను.

కొన్నాక మాత్రం మొదటి ప్రయాణం దాకా ఆగకుండా ఎక్కించడం అలవాటు చేయండి. మా ఆడగుర్రానికి ఆ రాత్రి గట్టు దగ్గర జారడం గుర్తుండిపోయింది, ర్యాంప్ చూడగానే నాలుగు కాళ్లూ పాతేసేది. మొదటి నాలుగు రోజులు ర్యాంప్ మీదే దాణా పెట్టాం. ఐదో రోజు ముందు కాళ్లు రెండూ పెట్టి, ముట్టె లోపలికి చాచి వాసన చూసి దిగిపోయింది. లాగలేదు, కొట్టలేదు. పదకొండో రోజు తనే లోపలికి నడిచి గడ్డి వల దగ్గర నిలబడింది. ఎక్కించేటప్పుడు వెనక బార్, అంటే గుర్రం వెనక అడ్డంగా వేసే కమ్మీ, వేశాకే తల కట్టాలి. దింపేటప్పుడు తల విప్పాకే వెనక బార్ తీయాలి. ఇది తారుమారైతే, తల కట్టేసి ఉండగానే గుర్రం వెనక్కి లాగి, కదల్లేక బెదిరి మీద పడుతుంది. ఒక్క గుర్రాన్నే తీసుకెళ్తే కుడి గడిలో, డ్రైవర్ వెనక ఎక్కించండి. మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి, బరువు కుడివైపుంటే బండి నిలకడగా వస్తుంది. కొత్తలో వంద కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లు మళ్లీ బిగించండి.

పోయిన ఏడాది వానాకాలంలో మార్వాడీకి కడుపునొప్పి వచ్చింది, రాత్రి పన్నెండున్నరకి. ట్రైలర్ తగిలించి, లైట్లు చూసుకుని, ఎక్కించి గేటు దాటడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

మీరు చూసిన ట్రైలర్‌కి మ్యాట్లు ఎత్తి తీసిన ఫొటో, కింద నుంచి అడ్డ కమ్మీల ఫొటో, టైరు మీది నాలుగంకెలు, ఆర్‌సీలో పేరు దాచి మిగతా పేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఆదివారం పొద్దున బండి దగ్గరికి వెళ్తున్నట్టయితే ముందురోజు ఒక మాట రాయండి, మా మెకానిక్‌ని వెంటబెట్టుకుని నేనూ వస్తాను.