హేవలాక్‌లో స్కూబా: టికెట్లు కొనేముందే తెలియాల్సినవి

అండమాన్ సముద్రం నవంబరు చివరి నుంచి మే మొదటి వారాల దాకా డైవింగ్‌కు అనువుగా ఉంటుంది. ఆ కాలానికి ప్రయాణం కట్టుకుంటున్న పాఠకులు స్కూబా గురించి పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. హేవలాక్‌కు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌కు 2024 నుంచి శ్రీ విజయపురం అనీ అధికారిక పేర్లు. టికెట్ మీద ఏది కనిపించినా కంగారు పడొద్దు. డైవింగ్ వాళ్ల నోట ఇంకా పాత పేర్లే ఎక్కువ కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

నాకు ఈత రాదు. అయినా స్కూబా చేయించేస్తామంటున్నారు. నమ్మొచ్చా? — రాజమండ్రి పాఠకురాలు

నమ్మొచ్చు. కానీ వాళ్లు చేయించేది కోర్సు కాదు, ఒక్కసారి రుచి చూపించే డైవ్. మీ వెంట ఇన్‌స్ట్రక్టర్ ఉండి, మీ సిలిండర్‌నో జాకెట్‌నో పట్టుకుని నడిపిస్తాడు. లోతు 12 మీటర్లు దాటకూడదు. దీనికి ఈత అక్కర్లేదు. సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకైతే 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలగలగాలి.

నడుము లోతు నీళ్లలో ముందు సాధన చేయించకుండా ఎవరైనా నేరుగా లోపలికి తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు. మూడు పనులు మీ చేత చేయించాలి. నోటితో నింపాదిగా గాలి పీల్చి వదలడం మొదటిది. రెండోది, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకోవడం. అది బయట ఉన్నంతసేపూ సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. తిరిగి పెట్టుకున్నాక గట్టిగా ఒకసారి ఊదితే లోపలి నీళ్లు పోతాయి, ఆ తర్వాతే పీల్చాలి. మూడోది మాస్క్‌లోకి చేరిన నీటిని తీసేయడం. మాస్క్ పై అంచును నుదుటికి అదిమి, తల కాస్త పైకెత్తి ముక్కుతో ఊదితే నీళ్లు కింది అంచు నుంచి పోతాయి. కంగారు పుట్టించేది ఎక్కువగా ఈ మూడోదే. మాస్క్‌లోకి నీళ్లు రాగానే ముక్కుతో పీల్చబోతారు, పొలమారుతుంది. అలా జరగకూడదనుకుంటే ఒడ్డునే నాలుగైదుసార్లు చేసి చూసుకోండి.

సైగల్లో ఒకదాన్ని బాగా గుర్తు పెట్టుకోండి. బొటనవేలు పైకెత్తితే నీటి కింద “బాగుంది” అని అర్థం కాదు, “పైకి పోదాం” అని. అంతా బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాలి.

పోయినేడు ప్రయత్నించాను. రెండు మీటర్లు దిగేసరికి చెవులు పగిలిపోతాయేమో అనిపించి వెనక్కి వచ్చేశాను. లోతుకు పోతే ఇంకెంత నొప్పో? — హనుమకొండ పాఠకుడు

మీరు వెనక్కి రావడమే సరైన పని. చెవికి కష్టమంతా మొదటి నాలుగైదు మీటర్లలోనే. ఒడ్డున మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది, పది మీటర్ల లోతున అది రెండవుతుంది, ఇరవై మీటర్ల దగ్గర మూడవుతుంది. అంటే మొదటి పది మీటర్లలో పీడనం రెట్టింపవుతుంది, తర్వాతి పది మీటర్లలో ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. అందుకే నొప్పి పైపైనే మొదలవుతుంది.

కర్ణభేరి వెనకున్న గాలి గదికీ గొంతుకూ మధ్య సన్నని గొట్టం ఉంటుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది, గుటక వేసినప్పుడు క్షణంసేపు తెరుచుకుంటుంది. మీరు దిగుతుంటే బయటి పీడనం కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. గొంతు నుంచి కాస్త గాలిని ఆ గదిలోకి పంపితే రెండు వైపులా సమానమవుతుంది. ఇందుకే మాస్క్‌లో ముక్కు దగ్గర మెత్తటి సంచిలాంటి భాగం ఉంటుంది. దాని మీంచి ముక్కు పట్టుకుని, పెదాలు రెగ్యులేటర్ చుట్టూ బిగించి, మెల్లగా ఊదండి. రెండు చెవుల్లోనూ “టిక్” మంటుంది. కొందరికి ఊదడం కన్నా ముక్కు పట్టుకుని గుటక వేయడమే బాగా పనిచేస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది సమయం విషయంలో. నొప్పి వచ్చేదాకా ఆగి అప్పుడు ఊదుతారు. అప్పటికే పీడనం ఆ గొట్టం మూతిని నొక్కి మూసేసి ఉంటుంది, ఎంత ఊదినా తెరుచుకోదు. తల నీట మునగకముందే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకూ ఒకసారి చేయండి. నొప్పి మొదలైతే అరచేతిని అటూ ఇటూ ఊపి చెవిని చూపించండి. ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని ఒక మీటరు పైకి తెస్తాడు, అక్కడ మళ్లీ ప్రయత్నించాలి. ఇలాంటి డైవ్‌లో దిగే వేగం అతని చేతిలో ఉంటుంది కాబట్టి మీరు సైగ చేయకపోతే అతనికి తెలిసే దారి లేదు. మొహమాటపడి ఓర్చుకోకండి. గట్టిగా ఊదేసి దారి తెరుద్దామనీ చూడకండి. లోపలి చెవి పొర చిరిగితే వినికిడికే ముప్పు. కర్ణభేరికి చిల్లుపడితే చల్లటి నీరు లోపలికి పోయి కళ్లు తిరుగుతాయి, ఏది పైనో ఏది కిందో తెలియదు.

కాళ్లు కిందికి ఉంచి నిలువుగా దిగితే చెవులు తేలిగ్గా తెరుచుకుంటాయి, తలకిందులుగా దిగితే మొరాయిస్తాయి. ఇప్పటి నుంచి రోజూ ఇంట్లో ముక్కు పట్టుకుని గుటక వేసి చూడండి. రెండు చెవుల్లోనూ టిక్‌మనడం అలవాటైతే సగం పని అయిపోయినట్టే. ఒక చెవి ఎప్పుడూ పలకకపోతే ప్రయాణానికి ముందే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

జలుబుంటే ఆ రోజు దిగొద్దు. ముక్కు తెరిపించే మాత్ర వేసుకుని దిగితే, లోపల ఉండగానే దాని ప్రభావం తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. అది దిగేటప్పటి నొప్పి కన్నా ప్రమాదం. దిగేటప్పుడైతే నొప్పి రాగానే పైకి రావచ్చు. పైకి వచ్చేటప్పుడు సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపే నీటిలో ఉండగలరు.

ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుంది? మధ్యలో అయిపోతే? — ఖమ్మం పాఠకుడు

అందులో ఉండేది ఆక్సిజన్ కాదు. మనం పీల్చే గాలినే వడగట్టి, తేమ తీసి, కుక్కి నింపుతారు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఆరు మీటర్ల కన్నా లోతున పీలిస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

మామూలుగా వాడేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. 200 బార్ (బార్ అంటే పీడనం కొలత, దాదాపు ఒక వాతావరణ పీడనం) దాకా నింపితే 2,200 లీటర్ల గాలి పడుతుంది. 50 బార్ మిగిలేసరికి పైకి వచ్చేయాలి కాబట్టి వాడుకోగలిగింది 1,650 లీటర్లు. కొత్తవాళ్లు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుంటే, పది మీటర్ల లోతున గాలి రెండింతలు చిక్కబడుతుంది కాబట్టి 40 లీటర్లు ఖర్చవుతాయి. అంటే 40 నిమిషాల పైచిలుకు. అదే 20 మీటర్ల దగ్గర 27 నిమిషాలే. కంగారుగా పీల్చేవాళ్లకు ఇందులో సగం కూడా రాదు. రుచి చూపించే డైవ్ మామూలుగా అరగంటలోపే ముగుస్తుంది కాబట్టి మధ్యలో అయిపోయే పరిస్థితి రాకూడదు. పైగా ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మీ కోసం రెండో రెగ్యులేటర్ ఉంటుంది, పసుపు రంగు గొట్టానికి వేలాడుతూ కనిపించేది అదే.

గాలి కన్నా ముందు జాగ్రత్త పడాల్సింది ఊపిరి బిగబట్టే అలవాటు గురించి. పది మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి నీటి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. నిండా పీల్చి బిగబట్టి ఒకటిన్నర మీటరు పైకి వచ్చినా ఊపిరితిత్తులు చిరగొచ్చు. నీటి కింద పీలుస్తూనో వదులుతూనో ఉండాలి, ఆపకూడదు. ఆ ఒక్కదానికి మినహాయింపు లేదు.

మావారికి 52 ఏళ్లు. బీపీ మాత్ర వాడుతున్నారు, అదుపులోనే ఉంది. డైవ్‌కు ముందు నింపించే ఆరోగ్య ఫారంలో బీపీకి “లేదు” అని రాసేయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. — గుంటూరు పాఠకురాలు

అలా రాయించకండి. ఆ ఫారం కాలక్షేపానికి పెట్టింది కాదు. 45 ఏళ్లు దాటి బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర వంటివి ఉంటే డాక్టరు సంతకం కావాలి. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, ఊపిరితిత్తి ముడుచుకుపోయిన చరిత్ర, చెవి ఆపరేషన్ ఉన్నవాళ్లకూ అంతే. గర్భిణులు అసలే దిగకూడదు.

“లేదు” అని రాయమనడానికి కారణం ఒక్కటే. “అవును” అని రాస్తే హేవలాక్‌లో ఆ పూటకు పూట సంతకం పెట్టే డాక్టరును వెతుక్కోవడం కష్టం. కాబట్టి ఆ పని గుంటూరులోనే కానివ్వండి. డైవర్ మెడికల్ ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చివర డాక్టరు నింపే పుట ఉంటుంది. మీ గుండె డాక్టరుకు చూపించి, మాత్ర పేరు చెప్పి, వేగంగా ఈదాల్సి వస్తే తట్టుకోగలరా అని అడగండి. బీటా బ్లాకర్ రకం మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, శ్రమకు తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. కాబట్టి ఏ మాత్ర అన్నది ముఖ్యం. వద్దంటే స్నార్కెల్‌తో (నీటి పైన తేలుతూ గాలి పీల్చుకునే గొట్టం) ఒడ్డు దగ్గర రీఫ్ (పగడపు దిబ్బ) చూడొచ్చు. కానీ అది కూడా డాక్టరును అడిగాకే.

పిల్లలకు 8, 11 ఏళ్లు. ఇద్దర్నీ దింపొచ్చా? — హైదరాబాద్

పెద్దవాడిని దింపొచ్చు, పదేళ్లు నిండాలన్నదే నియమం. చిన్నవాడికి రెండు మీటర్ల లోతు మించని కొలనులో చేయించే సాధన ఉంది, సముద్రంలో వద్దు. పెద్దవాడైనా ఆఖరి నిమిషంలో “వద్దు” అంటే డబ్బు కట్టామని బలవంతపెట్టకండి.

నాలుగు రాత్రుల ప్యాకేజీ. ఆఖరి రోజు పొద్దున డైవ్, సాయంత్రం హైదరాబాద్ విమానం అని రాశారు. సరిపోతుందా? — నిజామాబాద్

సరిపోదు, మార్పించండి. పీడనంలో పీల్చిన నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. అది ఊపిరితో మెల్లగా పోవాలి. విమానంలో పీడనం తగ్గితే అదే నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లనూ నరాలనూ పట్టుకుంటుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినా వరుస రోజుల్లో చేసినా కనీసం 18 గంటలు ఆగాలి. మేమైతే ఏ డైవ్‌కైనా 24 గంటలు ఉంచుకోమంటాం.

క్రమం ఇలా మార్చుకోండి: హేవలాక్ చేరిన మర్నాడే పొద్దున డైవ్, తర్వాత రాధానగర్ బీచ్, ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో. హేవలాక్ నుంచి ప్రైవేటు ఫెర్రీకి గంటన్నర పడుతుంది, సముద్రం బాగాలేకపోతే రద్దవుతుంది. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటే ఆ ఇబ్బందీ తప్పుతుంది. ఓడలో విశాఖకో చెన్నైకో వచ్చేవాళ్లకు ఈ గంటల లెక్క లేదు. అండమాన్‌లో మన గడియారమే అయినా ఐదింటికే తెల్లారిపోతుంది కాబట్టి డైవ్‌లన్నీ పెందలాడే మొదలవుతాయి. ముందు రాత్రి మద్యం వద్దు, నీళ్లు బాగా తాగండి.

డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, అలవిమాలిన నీరసం కనిపిస్తే “నిద్రపోతే తగ్గుతుంది” అనుకోవద్దు. వెంటనే డైవ్ సెంటర్‌కు చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి. అవసరమైతే పీడన గదిలో చికిత్సకు పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రికి పంపుతారు.

కళ్లద్దాలు, మీసం, ముక్కుపుడక, పొడవాటి జడ: మా ఇంట్లో అన్నీ ఉన్నాయి! — ఏలూరు పాఠకురాలు

మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు. మాస్క్‌లోకి నీళ్లొస్తే మాత్రం కళ్లు మూసుకోవాలి, లేకపోతే కొట్టుకుపోతాయి. లెన్సులు వద్దనుకుంటే పవర్ ఉన్న మాస్క్ ఉందేమో ముందే ఫోన్ చేసి అడగండి. మీసం ఉన్నవాళ్లకు ముక్కు కింద సందు మిగిలి నీళ్లు ఊరతాయి. మీసం పై అంచును కాస్త కత్తిరిస్తే చాలు. వాసెలిన్ పూయొద్దు, అది రబ్బరును పాడుచేస్తుంది. ముక్కుపుడక ఉంటే ముక్కు నొక్కినప్పుడల్లా గుచ్చుకుంటుంది, తీసేయండి. గొలుసులు, గాజులు గదిలోనే పెట్టండి. జడ మెడ దగ్గర కిందికి వేసుకుంటే మాస్క్ పట్టీ జారదు. ఆ రోజు తలకు నూనె, నుదుటికి సన్‌స్క్రీన్ వద్దు. మాస్క్ జారుతుంది, కళ్లు మండుతాయి.

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. డిక్సన్స్ పినాకిల్, జానీస్ గోర్జ్ చూడాలని ఉంది. — విశాఖపట్నం పాఠకుడు

మీ అర్హత 18 మీటర్ల దాకా. హేవలాక్ దగ్గరి ఆ రెండు డైవింగ్ చోట్లా చూడాల్సినది చాలావరకు అంతకు కిందే ఉంది, పైగా ప్రవాహం బలంగా ఉంటుంది. అడ్వాన్స్‌డ్ కోర్సు అక్కడే చేస్తే 30 మీటర్ల దాకా వెళ్లొచ్చు. అయితే ఏ లోతున ఎంతసేపు ఉండొచ్చో చెప్పే కోర్సు పట్టిక 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండనిస్తే 30 దగ్గర 20 నిమిషాలే ఉండనిస్తుంది. గాలి కూడా ఇంకా త్వరగా తరుగుతుంది.

రోజుల ఎంపిక మీ చేతిలో ఉంటే పంచాంగం చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల పోటు, పాటు ఎక్కువై ప్రవాహాలు ఉరకలేస్తాయి. అష్టమి చుట్టూ నాలుగు రోజులు నెమ్మదిస్తాయి. లోతైన చోట్లను ఆ రోజులకు పెట్టుకుని, మిగతా రోజుల్లో ఒడ్డుకు దగ్గరి నెమో రీఫ్, లైట్‌హౌస్ చూడొచ్చు. ఏడాదికి పైగా నీటిలో దిగకపోయి ఉంటే మొదటి రోజు లోతు తక్కువున్న చోట రిఫ్రెషర్ (నేర్చుకున్నది మళ్లీ సాధన చేసే డైవ్) చేయండి. తిరిగి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించని వేగం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల ఆగుడు మర్చిపోవద్దు.

గుర్తుగా ఒక పగడపు ముక్క తెచ్చుకోవచ్చా? ఒడ్డున రాలిపడినదే. — తిరుపతి

రాలిపడినదైనా తేకూడదు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే కేసవుతుంది. నీటి కింద కూడా ముట్టుకోకండి, ఫిన్ (కాలికి తొడుక్కునే ఈత రెక్క) తగలనివ్వకండి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. బతికి మళ్లీ పెరుగుతున్న కొమ్మల్లో చాలా రకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. మీ ఫిన్ ఒక్కసారి తగిలితే ఎన్నో ఏళ్ల పెరుగుదల పోతుంది.