మా నాన్న కోపమే నాకూ వచ్చిందా?

ప్రశ్న: నా వయసు 34. రాజమండ్రిలో ఒక ద్విచక్ర వాహనాల షోరూములో సేల్స్ ఉద్యోగం. చిన్నప్పుడు మా నాన్న తాగి వచ్చి అమ్మను బెల్టుతో కొట్టేవారు. అడ్డు వెళితే నాకూ తమ్ముడికీ దెబ్బలు పడేవి. ఆయనలా కాకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. కానీ కొన్నేళ్లుగా నాకూ కోపం ఆగడం లేదు. షోరూములో మేనేజరు అందరి ముందు తిట్టినా నవ్వి ఊరుకుంటాను. ఇంటికి వచ్చాక మాత్రం నన్ను నేను మరచిపోతాను. స్టీలు గ్లాసులు, టీవీ రిమోటు, ఒకసారి నా భార్య ఫోను విసిరేశాను. మొన్న ఆదివారం రాత్రి ఆమెను నెట్టాను, వెళ్లి మంచం కోడు మీద పడింది. ఆమెకిప్పుడు ఐదో నెల. ఆరోజు రెండు బీర్లు తాగాను గానీ మత్తులో లేను. మా బాబుకు ఐదేళ్లు. ఈమధ్య కంచం విసిరి, వాళ్ల అమ్మతో ‘నీకెన్నిసార్లు చెప్పాలి?’ అన్నాడు. అది నా మాటే. ‘ఆ రక్తం ఎక్కడికి పోతుంది’ అంటుంది మా అమ్మ. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అంటారు మా అత్తగారు. తమ్ముడు మాత్రం చాలా నెమ్మదస్తుడు. కోపానికి ఒక జన్యువు ఉందనీ, కోపం సగం వంశపారంపర్యమనీ చదివాను. డీఎన్ఏ పరీక్ష చేయించుకోవాలా? పుట్టబోయే బిడ్డకు కూడా ఇది వస్తుందా?

జవాబు: మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. గర్భిణిని నెట్టడాన్ని మీ ఉత్తరమంతా కోపం అనే అన్నారు. అది హింస. పడిన తరువాత ఆమెను డాక్టరుకు చూపించారో లేదో రాయలేదు. చూపించకపోతే నొప్పి ఉన్నా లేకపోయినా ఈరోజే తీసుకెళ్లండి. కాలు జారిందని చెప్పవద్దు, ఎలా పడిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మహిళల సహాయానికి 181 అనే ఫోను నంబరు ఉందని, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ ఉత్తర్వు పొందే హక్కు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు తనకు ఉన్నాయని ఆమెకు తెలియాలి. మీ నోటితోనే చెప్పండి. ఈ జవాబు కూడా ఆమె చేతికివ్వండి.

ఇక జన్యువు సంగతి. మీరు చదివింది ఎంఏఓఏ అనే జన్యువు గురించి అయివుండాలి. మెదడులో సెరటోనిన్, నోర్‌అడ్రినలిన్ వంటి రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంజైము దీనివల్ల తయారవుతుంది. 1993లో హాన్ బ్రూనర్ అనే డచ్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబం గురించి రాశారు. ఆ కుటుంబంలో కొందరు మగవాళ్లలో ఈ జన్యువు బొత్తిగా పనిచేయడం లేదు. వారికి బుద్ధిమాంద్యంతో పాటు ఉన్నట్టుండి దాడికి దిగే లక్షణమూ ఉంది. అది అత్యంత అరుదైన విషయం. తరువాత పత్రికలు ‘యోధ జన్యువు’ అని ఊరేగించింది మాత్రం వేరే సంగతిని, అదే జన్యువు కాస్త మందకొడిగా పనిచేసే రకాన్ని. అనేక దేశాల్లో మగవాళ్లలో సుమారు మూడో వంతు మందికి, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ మందికి అది ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది జీవితంలో ఎవరి మీదా చేయి చేసుకోరు.

మీ అమ్మగారికి రుచించని మాట ఇంకొకటి ఉంది. ఆ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. మగపిల్లవాడికి తండ్రి ఇచ్చేది వై, ఎక్స్ వచ్చేది తల్లి దగ్గర నుంచి. కాబట్టి మీ నాన్నగారి ఎంఏఓఏ మీకు వచ్చే దారే లేదు, మీది మీ బాబుకు చేరే దారీ లేదు. ఇది చదివి నింద తీసుకెళ్లి మీ అమ్మగారి మీద వేయకండి, ఆమె పడ్డది చాలు.

అలాగని వంశం పాత్రే లేదని నేను అనడం లేదు. కవలల మీద, దత్తపుత్రుల మీద జరిగిన అధ్యయనాలు దూకుడు స్వభావంలో తేడాలకు దాదాపు సగం జన్యువుల వల్లేనని చెబుతున్నాయి. కానీ ఆ సగం ఒక జన్యువుది కాదు, ఒక్కొక్కటీ పిసరంత ప్రభావం చూపే ఎన్నో జన్యువులది. పైగా అది ఒక సమూహంలోని మనుషుల మధ్య తేడాలకు సంబంధించిన లెక్క. మీ కోపంలో సగం నాన్నది, సగం మీది అని పంచుకోవడానికి వీల్లేదు. మీ తమ్ముడే చూడండి. అదే తల్లిదండ్రులు, అదే ఇల్లు, అదే బెల్టు.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను శాస్త్రవేత్తలు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వారిలో మగవాళ్ల వివరాలను కాస్పీ, మాఫిట్ బృందం 2002లో ప్రచురించింది. మందకొడి ఎంఏఓఏ ఉండి, చిన్నతనంలో దెబ్బలూ హింసా అనుభవించినవారు ఆ మగవాళ్లలో 12 శాతమే. హింసాత్మక నేరాలకు పడిన శిక్షల్లో మాత్రం 44 శాతం వాళ్లవే. అదే జన్యువు ఉన్నా హింస లేని ఇళ్లలో పెరిగినవాళ్లు మిగతావారికంటే నేరాల వైపు ఎక్కువగా పోలేదు. తరువాతి అధ్యయనాల్లో కొన్నింటిలో ఈ ఫలితం నిలిచింది, కొన్నింటిలో నిలవలేదు. పసితనంలో తిన్న దెబ్బలు పెద్దయ్యాక దూకుడును పెంచుతాయన్న సంగతి మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు. ఆ దెబ్బలు మీరు తిన్నారు. మీ కోపానికి అది నిజమైన కారణాల్లో ఒకటి, మీ తప్పు కాదు. కానీ మీ బాబు అలాంటి ఇంట్లో ఇప్పుడు పెరుగుతున్నాడు.

డీఎన్ఏ పరీక్షకు డబ్బు తగలేయకండి. దాని ఫలితం చూసి ఏ డాక్టరూ మీకు మందు రాయలేడు, పుట్టబోయే బిడ్డ స్వభావమూ చెప్పలేడు. వంశంలో పలువురు మగవాళ్లకు బుద్ధిమాంద్యం కూడా ఉంటే తప్ప ఈ విషయంలో జన్యు నిపుణుల దగ్గరికి వెళ్లే పని లేదు.

‘నన్ను నేను మరచిపోతాను’ అని రాశారు. మీ ఉత్తరం మరొకసారి చదవండి. విసిరింది స్టీలు గ్లాసు, రిమోటు, ఆమె ఫోను. మీ ఫోను ఆ జాబితాలో లేదు. అందరి ముందు తిట్టిన మేనేజరు మీద ఒక్క మాట తూలలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఒళ్లు తెలియని మనిషికి ఇంత ఎంపిక ఉండదు. ఎవరి దగ్గర ఆగాలో మీకు తెలుసు, రోజూ పది గంటలు ఆగుతూనే ఉన్నారు. ఆ శక్తి షోరూము గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోతోందన్నది మనం చూడవలసిన విషయం.

సేల్స్ ఉద్యోగంలో భోజనం వేళకు ఉండదు, టార్గెట్ల ఒత్తిడి రాత్రి దాకా వదలదు. ఆకలితో నేరుగా ఇంట్లోకి అడుగుపెట్టకండి. దారిలో ఏదైనా తినండి, వీధి చివర పది నిమిషాలు కూర్చుని రండి. కోపం పెరిగేటప్పుడు ఒంట్లో మొదట ఏమవుతుందో గమనించుకోండి. దవడ బిగుసుకుంటుందా, చెవులు వేడెక్కుతాయా, గొంతు పెరుగుతుందా? బయటికి వెళ్లవలసిన ఘడియ అదే. ‘అరగంటలో వస్తాను’ అని చెప్పి నడిచి వెళ్లండి. బండి తీయవద్దు, బారు వైపు వద్దు. ఒంట్లో ఎగసిన అడ్రినలిన్ తగ్గడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. చెప్పిన వేళకు తిరిగి రండి. ఈ పద్ధతి గురించి ఒక ప్రశాంతమైన రోజున ఆమెతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే గొడవ మధ్యలో వదిలేసి పోయారని ఆమె అనుకుంటుంది. ఆమే గదిలోకి వెళ్లిపోతే వెంటపడకండి, తలుపుకు అడ్డం నిలబడకండి.

కోపం లోపల దాచుకోకూడదు, దిండును గుద్ది అయినా బయటికి కక్కేయాలి అని ఎవరైనా అంటే నమ్మకండి. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించినవారిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవారికి కోపం తగ్గకపోగా పెరిగింది.

మద్యం పూర్తిగా మానేయండి. మత్తులో లేనన్నారు, నిజమే అయివుండవచ్చు. నిగ్రహం సడలడానికి మత్తు దాకా పోనక్కరలేదు. నెట్టింది తాగిన రాత్రే కదా.

బాబు గురించి భయం కాస్త తగ్గించుకోండి. కొట్టడం, విసరడం, కొరకడం పిల్లల్లో రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఎక్కువగా ఉండి, ఆ తరువాత చాలామందిలో తగ్గుతూ వస్తాయని మాంట్రియల్‌లో రిచర్డ్ ట్రాంబ్లే బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో తేలింది. దూకుడును ఆపుకోవడం పిల్లలు పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుంటారు. మీ బాబు ఆ పాఠం మధ్యలో ఉన్నాడు, పాఠం చెప్పవలసినవారు మీరు. మీ అత్తగారి సామెత నాకు నచ్చింది. అందులో దూడ చేలోకి పోయేది ఆవు వెనకే. ‘నీకెన్నిసార్లు చెప్పాలి?’ అన్న వాక్యం ఏ క్రోమోజోము మీదా రాసి ఉండదు.

ఈసారి వాడు కంచం విసిరితే చేయి ఎత్తకండి, అరవకండి. వాడితో కలిసి మెతుకులు ఏరి, కంచం సింకులో వేయించండి. ఊరుకుంటాడని చేతికి ఫోను ఇచ్చారంటే విసిరితే దొరుకుతుందని నేర్పినట్టే. ఈ ఒక్క విషయంలో మీరూ మీ భార్యా ఒకే మాట మీద ఉండాలి. చురుకైన పేచీకోరు పిల్లలకు ఇంట్లో ఎక్కువ దెబ్బలు పడతాయి, దెబ్బలతో పేచీ ఇంకా పెరుగుతుంది. ఆ గిరి నుంచి ముందు బయటికి రావలసింది పెద్దవాళ్లే. వాడికి క్షమాపణ కూడా చెప్పండి. ‘అమ్మను నెట్టడం నాన్న చేసిన తప్పు. అమ్మ తప్పేమీ లేదు’ అనండి చాలు. పక్కన ‘నాకు కోపం వచ్చింది కాబట్టి’ అని తగిలించకండి.

ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. చిన్నప్పటి దెబ్బల తాలూకు భయం, నిద్రలేమి కూడా ఉండవచ్చు. వీటికి చికిత్స ఉంది. బెల్టు సంగతి, మొన్న ఆదివారం సంగతి రెండూ చెప్పండి. వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలూ అందుబాటులో ఉంటుంది. దంపతులిద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లాలా అన్నది తరువాతి మాట. మీ ఎదుట ఆమె భయపడకుండా మాట్లాడగలిగిన రోజున ఆలోచించవచ్చు.

పుట్టింటికి వెళతానని ఆమె అంటే అడ్డుపడకండి. మీ అమ్మగారి చేత చెప్పించకండి, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనకండి. ఆసుపత్రి ఖర్చులు అడగకముందే పంపండి. బాబు బడి ఎక్కడన్నది ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుని తేల్చుకోండి. ఎప్పుడు తిరిగి రావాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.